చెవి మీద మొలక దోపితే పేరే మారిపోతుంది

[తెర మీద: వెదురు బుట్ట నిండా పసుపుపచ్చ గోధుమ మొలకలు, బాగా దగ్గరగా]

నమస్కారం. ఈ గోధుమ మొలకలు చూడండి. నీళ్లు పోయక ఇలా పాలిపోయాయి అనుకునేరు. కావాలనే ఇలా పెంచారు. ఛత్తీస్‌గఢ్‌లో ఒక ఆడపిల్ల వీటిలోంచి రెండు తీసి ఇంకో పిల్ల చెవి మీద దోపిందంటే, ఆ రోజు నుంచి వాళ్లిద్దరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. ఏడాదో రెండేళ్లో కాదు, బతికున్నంత కాలం.

ఈ మొలకల పేరు భోజలీ. వీటి రూపంలో కొలిచే దేవత పేరూ భోజలీయే, ఆమె మీద పాడే పాటలూ భోజలీయే. చివరికి ఆ నేస్తం కూడా భోజలీయే. ఒక్క మాటతో నాలుగు పనులు!

[తెర మీద: తడి మట్టిలో గోధుమలు చల్లుతున్న చేతులు]

రాఖీ పున్నమికి వారం, తొమ్మిది రోజుల ముందు మొదలవుతుంది పని. గోధుమలు నానబెట్టి, బుట్టలో ఎరువు కలిపిన మట్టి పోసి చల్లుతారు. బుట్టని ఎండ తగలని గదిలో పెడతారు. అసలు కిటుకు అక్కడే ఉంది. వెలుతురు లేకపోతే మొక్కలో ఆకుపచ్చ రంగు తయారవదు. పైగా వెలుగు ఎక్కడుందా అని వెతుక్కుంటూ కాడ గబగబా సాగుతుంది. అందుకే అంత పొడుగ్గా, అంత లేతగా ఉంటాయి. పైనుంచి పసుపు నీళ్లు కూడా చిలకరిస్తారు. సాయంత్రాలు ఆడవాళ్లు బుట్టల చుట్టూ కూర్చుని గంగాదేవిని తలుచుకుంటూ పాడతారు.

మనకి ఇది మరీ కొత్తేం కాదు. పెళ్లిలో పాలికల్లో నవధాన్యాలు చల్లుతాం కదా. తెలంగాణ తండాల్లో అయితే తీజ్ పండక్కి పెళ్లికాని అమ్మాయిలు తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతారు. కాకపోతే ఛత్తీస్‌గఢ్ వాళ్లు ఆ మొలకతో ఏకంగా వరస కలిపేస్తారు.

[తెర మీద: తల మీద బుట్టలతో చెరువు వైపు నడుస్తున్న అమ్మాయిలు]

రాఖీ మర్నాడు బుట్టలు నెత్తిన పెట్టుకుని, పాడుకుంటూ చెరువుకి వెళ్తారు. నిమజ్జనం చేస్తారు. కొన్ని మొలకల్ని మాత్రం మట్టి కడిగి వెనక్కి తెస్తారు. పెద్దవాళ్లకి ఇచ్చి దీవెనలు తీసుకుంటారు. జతకట్టాలనుకున్న పిల్ల చెవి మీద మొలక దోపుతారు, ఆ పిల్ల కూడా అలాగే దోపుతుంది. అంతే, నేస్తం కట్టేసినట్టే. ఆ తర్వాత ఎప్పుడు ఎదురుపడ్డా పలకరింపు ఒకటే: 'సీతారామ్ భోజలీ!'

పేరు ఎందుకు పలకరు? మన అమ్మమ్మలు తాతయ్య పేరు చెప్పాల్సి వస్తే ఎన్ని తిప్పలు పడేవారో గుర్తుంది కదా. ఆ మర్యాద ఇక్కడ మొగుడికి కాదు, స్నేహితురాలికి. నాకైతే ఇదే ఎక్కువ నచ్చింది.

మగవాళ్లకీ ఇలాంటివి ఉన్నాయి. ఇలా నేస్తం కట్టుకున్నవాణ్ణి మితాన్ అంటారు, ఆడవాళ్లయితే మితానిన్. పూరీ జగన్నాథుడి ప్రసాదం ఇచ్చిపుచ్చుకుంటే ఒకరికొకరు 'మహాప్రసాద్'. గంగనీళ్లతో అయితే 'గంగాజల్'. రథయాత్ర నాటి నానబెట్టిన పెసల ప్రసాదంతో అయితే 'గజామూంగ్'. నవరాత్రి మొలకలతో అయితే 'జవారా'. అంటే ఆ ఊళ్లో 'మహాప్రసాద్ వస్తున్నాడు, మంచం వాల్చు' అంటే నవ్వకూడదు, నిజంగానే వస్తున్నాడన్నమాట!

ఒకటి గమనించారా? వీటిలో దాచుకునే వస్తువు ఒక్కటీ లేదు. ప్రసాదం తినేస్తారు, నీళ్లు తాగేస్తారు, మొలక సాయంత్రానికి వాడిపోతుంది. ఫ్రెండ్‌షిప్ బ్యాండ్ అయితే సొరుగులో ఏళ్ల తరబడి పడుంటుంది, కట్టినవాడి నంబరు మాత్రం మన ఫోన్లో ఉండదు. ఇక్కడ వస్తువు పోయి, దాని పేరు మనిషికి అంటుకుంటుంది.

ఇది ఇద్దరితో ఆగదు. నేస్తం వాళ్ల అమ్మ 'ఫూల్ దాయీ', నాన్న 'ఫూల్ దదా'. పెళ్లికైనా చావుకైనా సొంతవాళ్లలాగే వచ్చి నిలబడాలి. కులం వేరైనా ఈ వరస కలుపుకోవచ్చు. దీంతో ఊళ్లో కులం గీతలు చెరిగిపోతాయని చెప్పను, చెరగవు. కానీ ఆ గీత అవతల మన అనుకునే ఇల్లు ఒకటి ఉంటుంది.

ఈ మాటకున్న బలం ప్రభుత్వానికీ తెలుసు. 2002లో ఛత్తీస్‌గఢ్‌లో ఊరూరా మహిళా ఆరోగ్య కార్యకర్తల్ని పెట్టినప్పుడు వాళ్లకి 'మితానిన్' అనే పేరు పెట్టారు. దేశమంతా ఆశా కార్యకర్తలు రావడం 2005 తర్వాతి మాట.

ఒడిశాలో సంక్రాంతికి ఇలాగే 'మకర' కడతారు. దాని గురించి ఇంకో వీడియో చేస్తాను. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో ఉన్న మన తెలుగువాళ్లు ఎవరైనా చూస్తుంటే, మీ వీధిలో భోజలీ ఎలా చేస్తారో కింద రాయండి.

[తెర మీద: వీధి అరుగు మీద పక్కపక్కన ఇద్దరు ముసలమ్మలు]

మీరు అక్కడికి వెళ్లి, ఇలాంటి ఒక ముసలమ్మని 'మీ పక్కనున్నామె పేరేంటమ్మా?' అని అడిగారనుకోండి. ఆమె మీకు చెప్పదు. మనవణ్ణి కేకేసి, 'ఒరేయ్, ఈవిడ పేరు చెప్పరా' అంటుంది.