ఆడవాళ్ల ఫుట్‌బాల్ ఎవరు చూస్తారండీ?

అందరికీ నమస్కారం.

2025 జూలైలో మన అమ్మాయిలు చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ను వాళ్ల సొంత గడ్డ మీదే 2-1తో ఓడించి ఏషియన్ కప్‌కు వెళ్లారు. రెండు గోల్సూ సంగీతా బస్ఫోర్‌వే. క్వాలిఫయర్స్ ఆడి గెలిచి ఆ టోర్నీకి వెళ్లడం మన మహిళల జట్టుకు అదే మొదటిసారి. మర్నాడు టీ కొట్టు దగ్గర సంబరంగా ఈ సంగతి చెప్తే, పక్కనున్నాయన పేపర్లోంచి తల ఎత్తకుండానే "ఆడవాళ్ల ఫుట్‌బాల్ ఎవరు చూస్తారండీ" అన్నాడు. ఆయన చెడ్డమనిషేం కాదు, ఇద్దరు కూతుళ్లను ఇంజినీరింగ్ చదివించాడు. ఆ మాట కూడా ఆయన సొంతం కాదు, చాలా పాతది.

1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్ స్టేడియానికి 53,000 మంది వచ్చారు. ప్రెస్టన్‌లో ఒక ఫ్యాక్టరీ ఆడవాళ్లు, మొదటి ప్రపంచ యుద్ధానికి మగవాళ్లు వెళ్లిపోతే మందుగుండు పనిలోకి దిగినవాళ్లు, డిక్ కెర్ లేడీస్ అని జట్టు కట్టుకుని ఆడుతుంటే చూడ్డానికి. లోపల చోటు లేక ఇంకా వేలమంది బయటే ఉండిపోయారు. వసూలైన మూడు వేల పౌండ్ల పైచిలుకు మాజీ సైనికుల సాయానికి పోయింది. ఏడాది తిరక్కుండానే, 1921 డిసెంబర్ 5న, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ ఈ ఆట ఆడవాళ్లకు తగదని తీర్మానించి, తన క్లబ్బుల మైదానాల్లో వాళ్లను అడుగు పెట్టనివ్వొద్దంది. దాదాపు యాభై ఏళ్లు నడిచింది ఆ నిషేధం. పశ్చిమ జర్మనీలో 1955 నుంచి 1970 దాకా ఇదే వరస, బ్రెజిల్‌లో అయితే 1941 నుంచి 1979 దాకా ఏకంగా చట్టమే అడ్డం పడింది.

నిండిన స్టేడియానికి తాళం వేసి, రెండు తరాలు పోయాక తాళం తీసి, జనం ఏరీ అని అడిగారు. నాకు కడుపు మండేది ఇక్కడే.

తాళం తీశాకైనా మర్యాద దక్కిందా అంటే, 1989లో పశ్చిమ జర్మనీ అమ్మాయిలు నార్వేను 4-1తో చిత్తు చేసి యూరప్ ఛాంపియన్లైతే వాళ్ల ఫెడరేషన్ ఇచ్చిన బహుమతి కాఫీ సెట్టు. కప్పులు, సాసర్లు! ముగ్గుల పోటీలో స్టీలు డబ్బా చేతిలో పెట్టి పంపడం మనకు తెలిసిందే కదా, అదే చూపు అది. తొంభై నిమిషాలు పరిగెత్తి ఖండాన్ని గెలిచినా సరే, చివరికి వంటింటి సామానే ఇవ్వాలనిపించింది వాళ్లకు.

2023లో సిడ్నీలో ఓల్గా కార్మోనా కొట్టిన ఒక్క గోల్‌తో స్పెయిన్ ప్రపంచకప్ గెలిచింది. ఆమె తండ్రి చనిపోయాడన్న కబురు ఇంట్లోవాళ్లు మ్యాచ్ అయ్యేదాకా దాచారు. మైదానంలో ఎగిరి గంతులేసిన పిల్లకు కాసేపటికి ఆ సంగతి చెప్పారు, తలుచుకుంటేనే గుండె పిండేస్తుంది. కానీ ఆ తర్వాత వారాల తరబడి లోకం మాట్లాడుకున్నది ఆమె గురించి కాదు. పతకాలిచ్చే వేదిక మీదే అదే జట్టులోని జెన్నీ హెర్మోసోను ఆమె ఇష్టం లేకుండా ముద్దుపెట్టుకున్న స్పెయిన్ ఫుట్‌బాల్ ఫెడరేషన్ అధ్యక్షుడు రుబియాలెస్ గురించి. చివరికి పదవి వదిలాడు, 2025లో కోర్టు దోషిగా తేల్చి జరిమానా వేసింది. గెలిచినవాళ్ల ఆనందాన్ని మాత్రం ఏ కోర్టూ వెనక్కి ఇవ్వలేదు.

గేటు తెరిస్తే జనం వస్తారనడానికి 2022 ఏప్రిల్‌లో బార్సిలోనా, వోల్ఫ్స్‌బర్గ్ క్లబ్బుల మహిళల మ్యాచ్ చాలు. క్యాంప్ నౌ స్టేడియంలో 91,648 మంది కూర్చుని చూశారు.

ఇక మన దగ్గరికి వద్దాం. సౌమ్య గుగులోత్ పేరు విన్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి, మొహమాటం వద్దు. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి. 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడటానికి వెళ్లింది, 2024-25కు దేశంలోనే ఉత్తమ క్రీడాకారిణిగా ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ అవార్డు అందుకుంది. ఐపీఎల్‌లో బెంచీ మీద కూర్చునే కుర్రాళ్ల పేర్లు కూడా మనకు నోటికొచ్చు, ఈ పిల్ల పేరు రాదు.

మన ఇళ్లలో ఆ టీ కొట్టు మాట వేరే రూపాల్లో వినిపిస్తుంది. ఎండలో నల్లబడిపోతావే, ఆ నిక్కర్లేంటి, మోకాలు విరిగితే రేపు ఎవరు చేసుకుంటారు అని. ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. మా కాలనీ గ్రౌండ్‌లో అబ్బాయిల క్రికెట్ అయ్యేదాకా అమ్మాయిలు గోడ పక్కన బంతి పట్టుకుని నిలబడతారు, వాళ్ల వంతు వచ్చేసరికి బంతి కనపడనంత చీకటి పడుతుంది. కాలనీ పెద్దలు చాలామంది ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను, రోజూ ఐదు నుంచి ఆరు దాకా ఆ గ్రౌండ్ వాళ్లకు వదలండి. ఆ గంట మీరూ వచ్చి గట్టు మీద కూర్చోండి.