పన్నెండు ఫ్రేములు: మోషన్ డిజైన్‌ను వృత్తిగా ఎంచుకునేవారికి

[తెరపై: బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆంధ్రా మెస్. భోజనం ముగించిన చేయి ఫోనుతో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తోంది. డబ్బు చేరగానే పచ్చటి వృత్తం, అందులో తెల్లటి టిక్కు.]

నమస్కారం. ఆ పచ్చటి టిక్కును మరోసారి చూద్దాం. ఈసారి నెమ్మదిగా.

[తెరపై: అదే కదలిక, ఒక్కో ఫ్రేముగా.]

ముందు ఒక చుక్క. అది వృత్తమై పొంగింది. ఉండవలసినదాని కంటే కాస్త పెద్దదై, వెనక్కి తగ్గి, కుదురుకుంది. అది పూర్తిగా కుదురుకోకముందే టిక్కు ఎడమ నుంచి గీసుకుంటూ వచ్చింది. అంతా కలిపి అర సెకను. ఫోను తిప్పి చూపిస్తే కౌంటర్లో కూర్చున్న పెద్దాయన తల ఊపాడు. ఆయన తెలుగు, పక్క బల్ల మీద తింటున్న అబ్బాయి ఒడియా. ఇద్దరికీ అర్థమైంది ఒక్కటే: డబ్బు అందింది.

ఆ వృత్తం ఎంత పొంగాలి, ఎన్ని ఫ్రేముల్లో, అంటే ఎన్ని విడి బొమ్మల్లో, తగ్గాలి, టిక్కు ఎప్పుడు మొదలు కావాలి అని ఎవరో ఒకరు కూర్చుని ఆలోచించారు. ఆ పనినే మోషన్ డిజైన్ అంటాం. నేను తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో ఆ పనితోనే బతుకుతున్నాను. ఈ రంగంలోకి రావాలనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు మొదట అడిగేది "అన్నా, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?" అని. ఆ ప్రశ్నకు ఒక్క నిమిషంలో జవాబు చెప్పేస్తాను. అసలు సమయం వేరేచోట పెట్టాలి.

రెండు కొలతల (2డీ) పనికి ఆఫ్టర్ ఎఫెక్ట్స్. 1993లో వచ్చింది, ఇప్పటికీ ఎక్కువ స్టూడియోల్లో అదే నడుస్తోంది. మూడు కొలతల (3డీ) పనికి బ్లెండర్. అందరికీ ఉచితం, 2002 నుంచి దాని కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది. యాప్‌లలో కదలికలు చేయాలనుకుంటే లాటీ అనే పద్ధతి తెలియాలి. 2017లో ఎయిర్‌బీఎన్‌బీ దాన్ని అందరికీ విడుదల చేసింది. బరువైన వీడియో ఫైలు బదులు కదలిక మొత్తాన్ని అంకెల రూపంలో చిన్న ఫైలుగా పంపుతుంది. సాఫ్ట్‌వేర్ల సంగతి ఇప్పటికి ఇంతే. కోర్సుకు లక్షల రూపాయలు అప్పు చేసే ముందు బ్లెండర్‌తో మూడు నెలలు ఒంటరిగా కుస్తీ పట్టి చూడండి. ఆ మూడు నెలల్లో విసుగు పుట్టకపోతే అప్పుడు చదువు గురించి ఆలోచించవచ్చు. అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ), ముంబయి ఐఐటీలోని డిజైన్ విభాగం ఐడీసీ వంటి చోట్ల యానిమేషన్‌కే ప్రత్యేకమైన కోర్సులున్నాయి. ప్రవేశ పరీక్ష రాసి చేరాలి.

[తెరపై: తెల్లటి గోడ. నాలుగడుగుల ఎత్తు నుంచి రబ్బరు బంతిని వదులుతున్న చేయి.]

ఇప్పుడు అసలు పాఠం. నాలుగడుగుల ఎత్తు నుంచి బంతిని వదిలితే నేలను తాకడానికి అర సెకను పడుతుంది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. అంటే మన చేతిలో ఉన్నవి 12 ఫ్రేములు. మొదటి ఆరు ఫ్రేముల్లో బంతి ఎంత దూరం దిగుతుందో ఊహించండి.

రెండడుగులు అనుకుంటారు చాలామంది. కాదు, ఒక్క అడుగే. మిగిలిన మూడడుగులూ తర్వాతి ఆరు ఫ్రేముల్లో దిగుతుంది.

[తెరపై: బంతి పన్నెండు స్థానాలు ఒకేసారి. పైన దగ్గర దగ్గరగా, కిందికి వచ్చేకొద్దీ దూరం దూరంగా.]

ఈ చుక్కల మధ్య ఎడంలోనే బంతి బరువు ఉంది. చుక్కలన్నీ సమాన దూరంలో పెట్టి చూడండి. బంతి పడినట్టు ఉండదు, ఎవరో దారం కట్టి దింపినట్టు ఉంటుంది. చూసేవారికి కారణం తెలియకపోయినా తేడా తెలుస్తుంది. ఎందుకంటే వాళ్లు పుట్టినప్పటి నుంచి వస్తువులు పడటం చూస్తూనే ఉన్నారు. మన పనికి అతి కఠినమైన పరీక్షకులు వాళ్లే.

కాబట్టి నేర్చుకోవలసింది చూడటం. బెంగళూరులో పీజీ హాస్టల్లో ఉంటే ఇందుకు మంచి పాఠశాల మెట్ల దగ్గరే దొరుకుతుంది. నీళ్ల క్యాన్ తెచ్చే అబ్బాయిని గమనించండి. ఇరవై లీటర్లు, అంటే ఇరవై కిలోల బరువు. ఎత్తే ముందు అతను ఒక క్షణం కిందికి వంగుతాడు, మోకాళ్లు ముడుస్తాడు, ఊపిరి బిగబడతాడు. క్యాన్ ఇంకా నేల మీదే ఉంది, కానీ బరువు అప్పుడే మనకు తెలిసిపోయింది. దాన్ని కుడి భుజానికి ఎక్కించుకున్నాక నడుము ఎడమకు ఒరుగుతుంది. మొదటి అంతస్తు చేరి అతను ఆగితే, క్యాన్‌లోని నీళ్లు ఆగవు. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి ఊగి అప్పుడు ఆగుతాయి. ఎత్తే ముందు సిద్ధపడటం, మోసేటప్పుడు ఒరగటం, ఆగిన తర్వాత కూడా కొనసాగటం. డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో యానిమేషన్‌కు 12 సూత్రాలుగా రాసి పెట్టినవాటిలో కనీసం రెండు ఈ ఒక్క మెట్ల దారిలోనే కనిపిస్తాయి.

[తెరపై: చీకటి. వెనక దీపం వెలుగులో తోలుబొమ్మ. భుజం, మోచేయి దగ్గర దారపు ముడులు.]

ఇది మన వాళ్లకు కొత్త విద్య కాదు. బెంగళూరు నుంచి రైలెక్కితే కొన్ని గంటల్లో ధర్మవరం, అక్కడికి దగ్గర్లోనే నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును పలచగా చేసి, చిల్లులు కొట్టి, రంగులు దిద్ది, భుజం, మోచేయి, మణికట్టు వేర్వేరుగా కత్తిరించి దారంతో ముడివేస్తారు. ముడి ఎక్కడ పడితే చేయి అక్కడి నుంచి తిరుగుతుంది. వేలెడంత పక్కకు జరిగితే చేయి విరిగినట్టు కనిపిస్తుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో మనం యాంకర్ పాయింట్, అంటే బొమ్మ దేని చుట్టూ తిరగాలో ఆ చుక్క, పెట్టేటప్పుడు చేసేది కచ్చితంగా ఇదే. బొమ్మను పిన్నులు గుచ్చి వంచే పనిముట్టుకు అందులో పెట్టిన పేరే పప్పెట్.

బొమ్మలో నాకు మరీ ఇష్టమైనది కాళ్లు. వాటికి కర్ర ఉండదు, వేలాడుతుంటాయి. ఆటగాడు ఒంటిని అటు తిప్పగానే కాళ్లు ఆలస్యంగా వెంట వస్తాయి. ఆ ఆలస్యమే బొమ్మకు ప్రాణం పోస్తుంది. నేను రిగ్గింగ్‌లో, అంటే బొమ్మకు కదిలే కీళ్లు అమర్చే పనిలో, ఎక్కడ చిక్కుకున్నా ఆ కాళ్లనే గుర్తు చేసుకుంటాను.

[తెరపై: "లక్ష్మి" అనే మాట. ఒక్కో ముక్క విడివిడిగా ఎగిరి వచ్చి, ఒత్తులు చెల్లాచెదురై, మధ్యలో సున్నా చుట్టిన చుక్కలు.]

ఈ దృశ్యం చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది. తెలుగు ప్రకటనల్లో ఇప్పటికీ కనిపిస్తోంది. కంప్యూటర్ లోపల "లక్ష్మి" ఏడు సంకేతాలు. మనకు మాత్రం అది రెండే అక్షరాలు: ల, క్ష్మి. ఇంగ్లీషు కోసం తయారైన టైపింగ్ కదలికను తెచ్చి తెలుగు మీద వేస్తే, క వేరు, ష ఒత్తు వేరు, గుడి వేరుగా ఊడిపడతాయి. కాబట్టి ముందుగా ఆఫ్టర్ ఎఫెక్ట్స్ టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా లిపులకు పనికివచ్చే టెక్స్ట్ ఇంజన్‌ను ఎంచుకోవాలి. ఆ తర్వాత అక్షరాన్ని అక్షరంగానే కదిలించాలి. నేనైతే ఒక్కో అక్షరాన్ని విడి లేయరుగా చేసుకుంటాను. సమయం పడుతుంది, పట్టనివ్వండి.

ఇంకొకటి. అక్షరాలు కింది నుంచి పైకి లేచే కదలికకు మాస్కు (అక్షరాలు కనిపించే కిటికీ లాంటి హద్దు) కట్టేటప్పుడు ఇంగ్లీషు ఎత్తు సరిపోదు. "స్త్రీ" అని రాసి చూడండి, కింది ఒత్తులు తెగిపోతాయి. చేత్తో రాసినట్టు కనిపించే కదలిక అయితే చేయి నడిచే దారి తెలియాలి. "క" రాసేటప్పుడు మనం ముందు ఒళ్లు చుట్టి, తలకట్టు చివర పెడతాం. తలకట్టుతో మొదలయ్యే "క"ను చూస్తే పలకా బలపం పట్టిన ప్రతి ఒక్కరికీ ఎక్కడో తేడా కొడుతుంది.

దీన్ని ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. బెంగళూరులో తయారయ్యే యాప్‌లు, ప్రకటనలు తెలుగులోకి కూడా వెళ్తాయి. తెలుగు చదవడం రానివాళ్ల చేతుల మీదుగా వెళ్తే అవి ఇలా తయారవుతాయి. తెలుగు అక్షరం తెలిసిన మోషన్ డిజైనర్ ఆ గదిలో ఉండాలి. నాకు మొదట్లో వచ్చిన మంచి పనులు ఇలా వచ్చినవే.

[తెరపై: షోరీల్ టైమ్‌లైన్. మూడు నిమిషాల పొడవు క్రమంగా తగ్గి ఒక నిమిషం అవుతుంది.]

షోరీల్ గురించి. అంటే మన మంచి పనులను కలిపి చూపించే చిన్న వీడియో. నా మొదటి రీల్ మూడు నిమిషాలు. చూసిన సీనియర్ ఒకాయన ఇరవై సెకన్లకే ఆపి, "ఇందులో నీది ఏది, తమ్ముడూ?" అని అడిగారు. సగం పాఠాల వీడియోలు చూసి చేసినవి. ఆ వీడియోలు ఆయనకూ తెలుసు. ఆ రాత్రి ఇంటికి వెళ్లి కోస్తే 35 సెకన్లు మిగిలింది. నాకు ఉద్యోగం తెచ్చింది ఆ 35 సెకన్లే. అందుకే చెబుతున్నాను: నిమిషం దాటనివ్వకండి, అన్నిటికంటే మంచిది మొదట పెట్టండి. జట్టుగా చేసిన పని అయితే మీరు చేసిన భాగం ఏదో తెర మీదే రాయండి. కేవలం రోటో (వీడియోలోంచి మనిషినో వస్తువునో ఫ్రేము ఫ్రేముకూ కత్తిరించే పని) చేశారా, రోటో అనే రాయండి. అబద్ధం ఈ ఊళ్లో వారం కూడా నిలవదు, స్టూడియోల్లో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే.

ఉద్యోగమా, సొంతంగా పనిచేయడమా? కర్ణాటక 2012లోనే ఈ రంగానికి ప్రత్యేక విధానం తెచ్చింది, దేశంలో అదే మొదటిది. అదే బెంగళూరులో 2025 ఫిబ్రవరిలో విజువల్ ఎఫెక్ట్స్ సంస్థ టెక్నికలర్ మూతపడి, వేల మంది కళాకారులు ఉన్నట్టుండి రోడ్డున పడ్డారు. పనితనం లేకపోవడం వల్ల కాదు వాళ్లకు ఆ గతి పట్టింది, ఎక్కడో విదేశంలో సంస్థ డబ్బు అయిపోవడం వల్ల. అందుకే మొదటి రెండు మూడేళ్లు స్టూడియోలో నేర్చుకోండి, కానీ గొలుసులో ఒక్క కొక్కెం మాత్రమే తెలిసినవారిగా మిగిలిపోకండి. స్టోరీబోర్డు (కథను వరుస బొమ్మలుగా గీయడం), డిజైన్, కదలిక, ధ్వని, అన్నీ కొంచెం కొంచెం చేసి ఉండాలి.

సొంత పని చేసేవారికి కాగితం ముఖ్యం. ఒకసారి "చిన్న మార్పే కదా" అంటూ ఒక క్లయింటు పదకొండుసార్లు మార్పించుకున్నారు. నేను ఏమీ రాసుకోలేదు కాబట్టి ఏమీ అనలేకపోయాను. ఇప్పుడు పని మొదలుకాకముందే మెయిల్లో రాస్తాను: సగం డబ్బు ముందు, రెండు విడతల మార్పులు ఉచితం, మూడో విడత నుంచి రోజుకు ఇంత. స్టోరీబోర్డు ఒప్పుకున్నాక కథ మారితే అది కొత్త పని. అసలు ప్రాజెక్టు ఫైళ్లు ఇస్తానా లేదా, నా రీల్‌లో చూపించుకోవచ్చా లేదా అన్నది కూడా అందులోనే ఉంటుంది. ఉద్యోగంలో చేసిన పనికి, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మొదటి హక్కుదారు యజమానే. కాబట్టి ఉద్యోగం మానేసే రోజున కాదు, చేరే రోజునే అడగండి. చెల్లింపులో టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) కింద సాధారణంగా పది శాతం పట్టుకుంటారు, రిటర్ను వేస్తే లెక్కలో కలుస్తుంది. ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు తప్పదు.

కృత్రిమ మేధ సంగతి కూడా అడుగుతున్నారు. మాట చెబితే వీడియో ఇచ్చే పనిముట్లు నేనూ వాడుతున్నాను, ముఖ్యంగా తొలి ఊహలు చూపించడానికి. "ఆ చేయి రెండు ఫ్రేములు ఆలస్యంగా ఆగాలి" అని తెలుసుకోవలసింది మాత్రం మనమే.

ఈ వారం మీకు ఒక పని. ఫోనులో స్లో మోషన్ పెట్టి, మీ ఇంట్లో ఎవరైనా బరువు ఎత్తుతుండగా వాళ్లను అడిగి చిత్రీకరించండి. బియ్యం బస్తా అయినా, గ్యాస్ సిలిండర్ అయినా సరే. ఎత్తే ముందు, ఎత్తేటప్పుడు, ఆగిన తర్వాత ఒంటి భంగిమను పుల్లల బొమ్మలతో పన్నెండు కాగితాల మీద గీయండి. ముఖం వద్దు, బట్టలు వద్దు, బరువు కనిపిస్తే చాలు. కాగితాలు కలిపి పట్టుకుని బొటనవేలితో తిప్పండి.

[తెరపై: కాగితాలను తిప్పుతున్న బొటనవేలు. పుల్లల బొమ్మ వంగి, క్యాన్ ఎత్తి, ఒరిగి నిలబడుతుంది. క్యాన్‌లోని నీళ్లు రెండు ఫ్రేముల తర్వాత ఆగుతాయి.]