పార్శిల్ పగిలి వచ్చింది, డబ్బులు ఎవరివ్వాలి?

[టేబుల్ మీద తెరిచిన అట్టపెట్టె. లోపల చెర్యాల మాస్కు. ఎడమ చెవి విరిగి పక్కన పడి ఉంది.]

నమస్తే. ముందు ఈ చెవి చూడండి. రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి చెర్యాల కళాకారులు చేసిన మాస్కు ఇది. ఆరాక గట్టిగానే ఉంటుంది. కానీ చెవుల దగ్గర, ముక్కు కొసన సన్నగా ఉంటుంది కదా, దెబ్బ తగిలితే ముందు పోయేది అక్కడే.

మా వదిన హనుమకొండలో ఇంటి నుంచే వీటిని ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. విశాఖపట్నం పంపిన ఈ మాస్కు ఇలా తిరిగొచ్చింది. ధర 2,800 రూపాయలు, కొరియర్ చార్జి 140.

కొన్నామె ఫోన్ చేసి, "విరిగిపోయిన బొమ్మ పంపారేంటండీ?" అంది. వదిన, "నేను మంచిగనే పంపిన మేడమ్, నా చేతులతోనే ప్యాక్ చేసిన" అంది. వదిన మోసం చేసిందని ఆమెకు అనుమానం. ఆమే కింద పడేసి తన మీదికి తోస్తోందని వదినకు అనుమానం. మూడు రోజులు మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. వదినకు ఒకటే టెన్షన్, ఒక రాత్రి కూర్చుని ఏడ్చింది కూడా.

తర్వాత ఆమె పంపిన ఫొటోలు నేను పెద్దవి చేసి చూశాను.

[ఫొటో: అట్టపెట్టె కింది మూల లోపలికి నొక్కుకుపోయి ఉంది.]

ఈ మూల చూశారా? చెవి ఉన్నది సరిగ్గా దీని వెనకే. పెట్టె ఎక్కడో ఆ మూల మీద పడింది. బుకింగ్ కౌంటర్, వ్యాను, గోదాము, లారీ, ఇంకో గోదాము, చివరికి బైకు. ఇన్ని చేతులు మారింది. ఇద్దరు ఆడవాళ్లూ నిజమే చెప్తున్నారు, ఇద్దరూ ఒకరినొకరు దొంగ అనుకుంటున్నారు. పెట్టెను పడేసిన చెయ్యి మాత్రం ఈ గొడవలో ఎక్కడా లేదు. నాకు బాధ కలిగించింది ఇదే. ఈ వీడియో చేస్తున్నదీ ఇందుకే.

కొన్నవాళ్లకు జవాబు చెప్పాల్సింది అమ్మినవాళ్లు. అమ్మినవాళ్లకు జవాబు చెప్పాల్సింది మోసుకెళ్లినవాళ్లు. ఈ రెండూ వేర్వేరు లెక్కలు. కలిపేస్తేనే గొడవ.

మొదటి లెక్క చూద్దాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జులైలో ఈ-కామర్స్ నిబంధనలు వచ్చాయి. వస్తువు లోపంతో వచ్చినా, చూపించినట్టుగా లేకపోయినా, దాన్ని వెనక్కి తీసుకోనని గానీ డబ్బు తిరిగి ఇవ్వనని గానీ అమ్మినవాళ్లు అనడానికి లేదు. "మా దగ్గర బాగానే బయలుదేరింది, కొరియర్ వాళ్లను అడుక్కోండి" అని కొన్నవాళ్లను తిప్పి పంపడం న్యాయం కాదు. కొరియర్‌ను ఎంచుకున్నది అమ్మినవాళ్లు, రసీదు ఉన్నది వాళ్ల దగ్గర. ఫిర్యాదు పెడితే 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ఇది పెద్ద యాప్‌కూ వర్తిస్తుంది, అందులో సరుకు పెట్టి అమ్మేవాళ్లకూ వర్తిస్తుంది.

"ఓపెనింగ్ వీడియో లేకపోతే రీఫండ్ లేదు" అని, అంటే పార్శిల్ తెరుస్తూ వీడియో తీయకపోతే డబ్బు తిరిగి ఇవ్వమని, చాలామంది రాసి పెడుతున్నారు. ఆ నిబంధనల్లో వీడియో అనే షరతే లేదు. వీడియో ఉంటే మీ పని సులువవుతుంది, అంతే. లేదని మీ హక్కు పోదు.

ఒక మినహాయింపు ఉంది. ఎవరో ఇల్లు మారుతూ తమ పాత మిక్సీని ఒక్కసారి ఆన్‌లైన్‌లో అమ్మితే ఈ నిబంధనలు వర్తించవు. రోజూ అమ్మేవాళ్ల సంగతే ఇది. ఇక హోల్‌సేల్ వ్యాపారం దారి వేరు. వరంగల్ కొత్తవాడ నుంచి జంపఖానాలు తెప్పించుకునే షాపు ఓనరు "మా ట్రాన్స్‌పోర్టులోనే వేయండి" అన్నాడనుకోండి. 1930 సరుకుల అమ్మకం చట్టం ప్రకారం, ట్రాన్స్‌పోర్టు వాళ్ల చేతికి ఇవ్వడమంటే మామూలుగా కొన్నవాళ్లకు అప్పగించినట్టే లెక్క. దారిలో సరుకు వానకు తడిస్తే ఆ నష్టం ఆయన మీదే పడొచ్చు. మాట అనేముందు ఆలోచించుకోవాలి.

[ఇంటి గుమ్మం. డెలివరీ అబ్బాయి చేతిలో పెట్టె.]

ఇప్పుడు గుమ్మం దగ్గర గడిచే ఆ ఒక్క నిమిషం. నిజంగా అన్నీ తేలేది ఇక్కడే. అబ్బాయి పెట్టె చేతికిచ్చేలోపే "అన్నా, ఓటీపీ చెప్పుండ్రి" అంటాడు. మనం పొయ్యి మీద కూర వదిలేసి వచ్చుంటాం, చెప్పేస్తాం. ఆ నాలుగు అంకెలు చెప్పామంటే వాళ్ల రికార్డులో పార్శిల్ బాగానే అందినట్టు.

కాబట్టి అంకెలు తర్వాత, ముందు పెట్టె. ఎనిమిది మూలలూ తడమండి. టేపు చూడండి. ఒక రంగు టేపు మీద ఇంకో రంగు టేపు ఉందంటే మధ్యలో ఎవరో మళ్లీ అంటించారు. అడుగున చెయ్యి పెట్టి చెమ్మ ఉందేమో చూడండి, వానాకాలం మరీ ముఖ్యం. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపితే లోపల గలగల వినిపిస్తుందా? వీటిలో ఏదున్నా, "తమ్ముడూ, ఒక్క ఫొటో తీసుకుంటా ఆగు" అనండి. పెట్టె అతని చేతిలో ఉండగానే ఫొటో తీయండి. కాగితం మీద సంతకం అడిగితే "మూల నలిగి ఉంది" అని రాసి, దాని కింద సంతకం పెట్టండి. మరీ నలిగిపోయి ఉంటే తీసుకోకుండా వెనక్కి పంపేయొచ్చు. ఓపెన్ బాక్స్ డెలివరీ ఉన్న వస్తువైతే తెరిచి చూశాకే ఓటీపీ.

ఆ అబ్బాయి మీద మాత్రం అరవకండి. పెట్టె అతని దాకా వచ్చేసరికే పగిలి ఉండొచ్చు. అతని బైకు మీద ఇంకా ఎన్ని పార్శిళ్లున్నాయో చూడండి.

లోపలికి తెచ్చాక అడ్రసు స్టిక్కర్ నుంచి మొదలుపెట్టి ఆపకుండా ఒకే వీడియో తీయండి. పగిలిన వస్తువు కనిపిస్తే ఆ రోజే యాప్‌లోనో మెయిల్‌లోనో రాయండి. ఫోన్‌లో మాట్లాడి ఊరుకుంటే రేపు చూపించడానికి ఏమీ ఉండదు. అట్టపెట్టెను పాత సామాన్లవాళ్లకు వేయకండి. మా వదిన మాట నిలబడింది ఆ నలిగిన మూల వల్లే.

[కొరియర్ రసీదు దగ్గరగా. ఒక గడి ఖాళీగా ఉంది.]

ఇక రెండో లెక్క. వదిన ముందు 2,800 తిరిగి ఇచ్చేసింది. ఇవ్వాలి కూడా. తర్వాత కొరియర్ వాళ్లను అడిగితే "ప్యాకింగ్ సరిగా లేదు" అని ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. వదిన అక్కడితో వదిలేద్దామంది. నేను వద్దన్నాను.

2007లో చేసిన రోడ్డు రవాణా చట్టం ఒకటుంది, 2011 నుంచి అమల్లో ఉంది. లారీ ట్రాన్స్‌పోర్టులతో పాటు కొరియర్ ఏజెన్సీలు కూడా దాని కిందికే వస్తాయి. దాని ప్రకారం సరుకు పాడైతే, వాళ్ల నిర్లక్ష్యం వల్లే పాడైందని మనం రుజువు చేయక్కర్లేదు. నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చింది ఈ మాటే. హనుమకొండలో కూర్చున్న మనిషి ఏ గోదాములో ఎవరు విసిరేశారో ఎక్కడని కనుక్కుంటుంది?

అయితే ఒక మెలిక ఉంది. ఈ ఖాళీ గడి చూడండి, "వస్తువు విలువ" అని ఉంది. వదిన ఎప్పుడూ నింపలేదు, కౌంటర్‌లో ఎవరూ అడగలేదు. మామూలు బుకింగ్‌లో మనకు రావాల్సింది కట్టిన చార్జికి పది రెట్లు మించదు, రాసిన విలువనూ మించదు. 140కి పది రెట్లు అంటే 1,400. సగం ధర. పూర్తి విలువ కావాలంటే బుకింగ్ అప్పుడే విలువ రాసి, రిస్క్ కింద ఎక్కువ చార్జి కట్టాలి. పోస్టాఫీసు ఈ చట్టం కిందికి రాదు. అక్కడ విలువైనవాటికి బీమా చేయించి పంపే పద్ధతి ఉంది.

కోర్టుకు వెళ్లాలంటే ముందు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి తీరాలి. 180 రోజుల్లోపు. ఆ రోజులు లెక్కపెట్టేది పగిలిన రోజు నుంచి కాదు, బుక్ చేసిన రోజు నుంచి.

వదిన ఒక పేజీ ఉత్తరం రాసి, ఫొటోలు జతచేసి పంపింది. అయిదు వారాలకు 1,400 వచ్చాయి. మిగతా 1,400 పోయినట్టే.

[వదిన ప్యాక్ చేస్తోంది. చేతులు మాత్రమే.]

ప్యాకింగ్ గురించి వాళ్లన్న మాటలో కొంత నిజం లేకపోలేదు. అప్పట్లో మాస్కుకు బబుల్ కవర్ చుట్టి నేరుగా పెట్టెలో పెట్టేది. చెవి పెట్టె గోడకు ఆనుకునే ఉండేది. ఇప్పుడు చూడండి. మాస్కు వెనక గుంతలో ముందు న్యూస్‌పేపర్ ఉండలు కుక్కుతోంది, లోపల ఖాళీ ఉంటే ఒత్తిడికి అక్కడే పగులుతుంది. చెవుల చుట్టూ మెత్తని గుడ్డ. చిన్న పెట్టె, దాన్ని పెద్ద పెట్టెలో పెట్టి అన్ని పక్కలా రెండు వేళ్ల మందాన కాగితం. మూసేముందు వస్తువును, అడ్రసును కలిపి అర నిమిషం వీడియో. ఒక్కోదానికి 30 రూపాయల దాకా అదనం. ధరలో కలిపేసింది, కొనేవాళ్లెవరూ కాదనలేదు.

ఇంతా చేసి ఎవరూ పలకకపోతే? 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినవాళ్లు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే, మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు.

విశాఖపట్నం ఆమె సంక్రాంతికి వదిన దగ్గరే ఇంకో మాస్కు తెప్పించుకుంది. గుమ్మం దగ్గర డెలివరీ అబ్బాయి చేతిలో ఉండగానే పెట్టె మూలలు ఫొటోలు తీసి పంపింది, కింద "బాగా వచ్చిందండీ" అని రాసి.

[రసీదు మళ్లీ. బుకింగ్ తేదీ మీద వేలు.]

మీ ఇంట్లో ఇప్పుడు పగిలి తిరిగొచ్చిన పార్శిల్ ఏదైనా మూలన పడి ఉంటే, దాని రసీదు తీసి ఈ తేదీ చూసుకోండి. 180 రోజులు ఇక్కడి నుంచే.