అంచు మిగిలిన బొంత

నమస్కారమండీ. ఇవాళ మీకు ఒక బొంత గురించి చెబుదామని వచ్చాను. బొంతల గురించి కాదు, ఒక్క బొంత గురించి. అది మా ఇంట్లో బీరువా కింది అరలో తొమ్మిదేళ్లు పడి ఉంది. పైన రంగురంగుల ముక్కలన్నీ కలిపి కుట్టేశాను, లోపల పొరలు పరిచాను, అడుగున చీర వేశాను, నడిమి కుట్లన్నీ అయిపోయాయి. మరి ఇంకేం మిగిలిందీ అంటారా? అంచు. నాలుగు వైపులా అంచు కుట్టడం ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కటే తొమ్మిదేళ్లు మిగిలింది.

వింటున్నవాళ్లలో కొందరు నవ్వుకుంటున్నారని నాకు తెలుసు, ఎందుకంటే మీ ఇంట్లోనూ ఇలాంటిది ఒకటి ఉంటుంది. బొంతే కానక్కర్లేదు, ఒక చెయ్యి అల్లకుండా వదిలేసిన స్వెట్టరో, హుక్కులు కుట్టని జాకెట్టో. పని తొంభై పాళ్లు అయిపోయాక మనకెందుకో అయిపోయిందనే అనిపిస్తుంది, ఇక దాన్ని మడిచి లోపల పెట్టేస్తాం.

అసలు బొంత అనే మాటకే మనవాళ్లు అన్యాయం చేశారు. గంతకు తగ్గ బొంత అని సామెత. బొంతకాకి, బొంతపురుగు, బొంతరాయి, మొరటుగా కనిపించిన ప్రతిదానికీ ఆ పేరే తగిలించారు. నిఘంటువు తీస్తే కంథ అంటే బొంత అని ఉంటుంది. బెంగాల్లో ఆ కంథనే కాంథా అంటారు, పాతచీరల పొరల మీద పద్మాలూ చేపలూ కుట్టి దాన్ని పెద్ద కళ చేసి కూర్చోబెట్టారు. ఉత్తర కర్ణాటకలో కౌది, మరాఠీవాళ్లకు గోధడి. అందరిదీ ఒకటే పని, చిరిగిన చీరల్ని పొరలు పేర్చి కుట్టడం. మనం మాత్రం ఇంటికి చుట్టాలొస్తే బొంత దాచేసి, కొట్లో కొన్న రజాయి తీసి ఇస్తాం.

మా అవ్వవాళ్లది ధర్మవరం దగ్గర ఒక పల్లె. అక్కడి మగ్గాల మీద నేసే పట్టుచీరలు లోకానికంతా తెలుసు, కానీ మా అవ్వ బొంతలోకి పట్టు ముక్కను రానిచ్చేది కాదు. పట్టు జారుతుంది, పాతబడిన పట్టయితే సూది పడినచోటల్లా చీలుతుంది, పైగా ఉతికితే నూలు ఒకలా పట్టు ఒకలా ముడుచుకుని బొంతంతా ఉబ్బెత్తుగా తయారవుతుంది. అందుకని నూలు చీరలే, అవి కూడా బాగా ఉతికి ఉతికి మెత్తబడినవే. సెనక్కాయ పీకడం అయిపోయి, కాస్త చలి మొదలయ్యే రోజుల్లో పంచలో చాప పరిచి, దాని మీద అడుగు చీర పరిచి, నాలుగు మూలలా రోటి గుండు, సన్నికల్లు, ఏది దొరికితే అది బరువు పెట్టేవాళ్లు. నాలుగు వైపులా నలుగురు ఆడవాళ్లు కూర్చుని కుట్టేవాళ్లు. కుట్టుకూ కుట్టుకూ మధ్య వడ్లగింజంత, వరుసకూ వరుసకూ మధ్య వేలెడు. నా పని సూదుల్లో దారం ఎక్కించి ఇవ్వడం, ఎందుకంటే నలుగురిలో ముగ్గురికి చూపు ఆనేది కాదు.

అవ్వ ఒక పని చేసేది, నేను అప్పుడు పట్టించుకోలేదు. అడుగు చీరను మిగతా పొరలకన్నా నాలుగు వేళ్లు బయటికి వచ్చేలా పరిచేది. నడిమి కుట్లన్నీ అయ్యాక ఆ నాలుగు వేళ్ల గుడ్డను లోపలికి ఒక మడత, పైకి ఒక మడత వేసి హెమ్మింగ్ చేసేస్తే అంచు అయిపోయేది. వేరే గుడ్డ అక్కర్లేదు, కొలత అక్కర్లేదు. "అంచు కుట్టని బొంత కప్పుకునేదానికి పనికొస్తాది గానీ ఉతికేదానికి పనికిరాదు పాపా" అనేది. అది నిజం. అంచు లేకుండా ఒక్కసారి ఉతికి చూడండి, పొరలన్నీ దేని దారి అది పట్టి, చివర్లన్నీ పోగులు పోగులుగా వేలాడతాయి.

ఇక నా బొంత సంగతి. నేను చదువుకున్నదాన్ని కదా, అన్నీ స్కేలు పెట్టినట్టు సమంగా ఉండాలని అడుగు చీరను కూడా పై పొరలతో సరిసమానంగా కత్తిరించి పారేశాను. ఆ నాలుగు వేళ్ల గుడ్డ పోయింది. దానితోపాటు అవ్వ పద్ధతీ పోయింది. నా తొమ్మిదేళ్లకు కారణం అదండీ. బద్ధకం కూడా ఉంది, కాదనను.

పైభాగం మాత్రం ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. మా అమ్మాయి స్కూలు యూనిఫాం గళ్ల గౌను, మావారి లుంగీ, నాకు బిగుతైపోయిన కలంకారీ జాకెట్టు, మంగళగిరి చున్నీ, చిన్నప్పటి ఇంటి కిటికీ కర్టెన్, ఇలా ఏది దొరికితే అది. పసుపు పక్కన ఊదా, ఊదా పక్కన చిలకపచ్చ. ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలని ఆలోచించి పెట్టినచోటే ఎబ్బెట్టుగా వచ్చింది, ఆలోచించకుండా పెట్టినచోట బాగా కుదిరింది. అడుగు పొరకు మా అమ్మ నీలం నేతచీర. చీర లెక్క మీకూ పనికొస్తుంది, చెబుతాను. మామూలు చీర ఐదున్నర మీటర్లు, అంటే పద్దెనిమిది అడుగులు. ఏడేసి అడుగుల ముక్కలు రెండు కోసి, పక్కపక్కన పెట్టి కలిపి కుడితే, డబుల్ కాట్‌కు సరిపోయే ఏడడుగుల చదరం ఒక పొర వచ్చేస్తుంది. ఇంకా నాలుగడుగుల ముక్క మిగులుతుంది. ఆ ముక్క జాగ్రత్త, దాంతోనే అంచు.

మరి తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ ఎందుకు తీశానంటే, కిందటేడు కర్ణాటకలో యల్లాపురం వైపు జలపాతాలు చూడ్డానికి వెళ్లాం. ఆ అడవుల్లో సిద్దీలు ఉంటారు, వందల ఏళ్ల కిందట ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల సంతతి. వాళ్ల ఆడవాళ్లు కుట్టే బొంతను కవండి అంటారు. ఒక ఇంటి ముందు ఒకావిడ కుడుతుంటే నేను జలపాతం సంగతి మర్చిపోయి అక్కడే కూలబడ్డాను. ఆమె మనలా నడిమి నుంచి కుట్టుకుంటూ రావడం లేదు. ఒక మూల దగ్గర మొదలుపెట్టి, అంచు వెంబడే ముక్కలు పెట్టుకుంటూ, కుట్టుకుంటూ చుట్టూ తిరిగి, అలా చుట్లు చుట్లుగా లోపలికి వస్తోంది. చివరికి సూది ఆగేది నడిమధ్యలో. అంటే అంచు ముందే అయిపోతుంది! నేను తొమ్మిదేళ్లు వాయిదా వేసిన పనిని ఆవిడ మొదటి రోజే చేసేస్తోంది. ఇంకో మాట, నాలుగు మూలలా గుడ్డను త్రికోణంగా మడిచి పొరలు పొరలుగా చిన్న పువ్వులా కుడతారు, దాన్ని ఫులా అంటారు. ఆ పువ్వు లేని బొంత ఒంటి మీద బట్టల్లేని మనిషితో సమానమట. ఆ మాట విన్నప్పుడు నాకు మా బీరువా కింది అర గుర్తొచ్చింది. పాపం, దాన్ని తొమ్మిదేళ్లు అలాగే ఉంచాను.

ఇంటికి రాగానే తీశాను. మూడు సాయంత్రాలు పట్టింది, అంతే. తొమ్మిదేళ్లకు మూడు సాయంత్రాలు.

మొదటి సాయంత్రం బొంతను నేల మీద పరిచి, చుట్టూ చివరికి వేలెడు లోపలగా కచ్చా కుట్టు వేశాను. దయచేసి ఈ పని మానకండి. పొరలు కదలకుండా ముందు కుట్టేసి, ఆ తర్వాతే కత్తెర పట్టుకుని ఎగుడుదిగుడులు కత్తిరించాలి. ముందు కత్తిరించి తర్వాత కుడదామంటే, ఒక పొర లోపలికి జరిగిపోతుంది, ఇక మీరు దాని వెంట పడుతూనే ఉంటారు.

రెండో సాయంత్రం పట్టీ. అమ్మ నీలం చీరలో మిగిలిన నాలుగడుగుల ముక్కను మూడేసి అంగుళాల వెడల్పున పట్టీలుగా కోశాను. ఏటవాలుగా కోయాలని కొందరు అంటారు, అది గుండ్రటి అంచులకు కావాలి గానీ తిన్నటి అంచుకు అక్కర్లేదు, నిలువుగానే కోసుకోవచ్చు. నాలుగు వైపులా ఏడేసి అడుగులు, మొత్తం ఇరవై ఎనిమిది. పట్టీ నాలుగడుగులు, కాబట్టి ఏడు పట్టీలు. లెక్క ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను. ఈ మురిపెం గుర్తుంచుకోండి, దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఏడు పట్టీలూ కలిపి కుట్టి ఒక పొడుగాటి పట్టీ చేసి, దాన్ని పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేశాను. అప్పుడది ఒకటిన్నర అంగుళం వెడల్పున రెండు పొరల పట్టీ అవుతుంది. రెండు పొరలు ఎందుకంటే ఏ బొంతైనా ముందు అరిగేది అంచే, మనం రాత్రంతా పట్టుకుని లాగేది దాన్నే కదా. పట్టీ పోగులున్న వైపు బొంత చివరతో కలిసేలా బొంత పైవైపున పెట్టి, అర అంగుళం లోపలగా మిషను మీద కుట్టుకుంటూ పోవడం. మిషను మొదట మొరాయించింది. రెండు సూదులు విరిగాయి. పద్నాలుగో నంబరు సూది తీసేసి పద్దెనిమిది పెట్టి, కుట్టు పొడుగు పెంచాక కదిలింది. మిషను లేకపోతే చేత్తోనే కుట్టుకోండి, దారానికి కాస్త కొవ్వొత్తి మైనం రాస్తే చిక్కుపడదు.

ఇక మూల. అందరూ ఆగిపోయేది ఇక్కడే, నేను ఆగింది కూడా ఇక్కడి భయంతోనే. రేడియోలో నా చేతులు మీకు కనపడవు, అయినా చెప్పి చూస్తాను. మూల ఇంకా అర అంగుళం ఉందనగా కుట్టు ఆపేసి దారం తెంపండి. ఇప్పుడు పట్టీని బొంతకు దూరంగా, పైకి, ఏటవాలు మడత పడేలా తిప్పండి, పిల్లల పుస్తకాలకు అట్టలు వేసేటప్పుడు మూల దగ్గర మడుస్తామే, అలాంటి మడత. తర్వాత అదే పట్టీని కిందికి, రెండో వైపు చివర వెంబడి దించండి. దించి మళ్లీ పైనుంచి కుట్టు మొదలుపెట్టండి. అంతే. ఆపడం, పైకి మడవడం, కిందికి దించడం. మొదటి మూల నాకు ముక్కు వంకరలా వచ్చింది, రెండోది ఫరవాలేదు, మూడోది బ్రహ్మాండంగా వచ్చింది.

నాలుగోది తిప్పి, మొదలుపెట్టిన చోటికి వస్తున్నాను. వస్తున్నాను, వస్తున్నాను, పట్టీ అయిపోయింది! జానెడు తక్కువ. నా మురిపెం గుర్తుంది కదా? ఏడు పట్టీలు అతికిస్తే ఆరు అతుకులు, ఒక్కో అతుకు అంగుళం తినేస్తుంది. మూల మడతలు ఇంకొంచెం తింటాయి. ఇరవై ఎనిమిది అడుగుల బొంతకు ఇరవై ఎనిమిది అడుగుల పట్టీ సరిపోదండీ, అతుకులన్నీ వేశాక కూడా ఒక మూర మిగలాలి. ఎనిమిదో పట్టీ కోసి ఉంటే బాధే లేదు. కోద్దామంటే ఆ నీలం ముక్కలో మిగిలింది ఏదీ? పట్టీలు కోయగానే కిటికీలు తుడవడానికి ఇచ్చేశాను.

పేరంటాల్లో తాంబూలంతో ఇచ్చే జాకెట్టు గుడ్డలు మన ఇళ్లలో ఎప్పుడూ ఉంటాయి కదా. మన సైజుకు చాలవు, మన చీరకు కలవవు, ఇంకొకరికి ఇద్దామని దాచుకుంటాం. అందులోంచి ఒక ఎర్రటి గుడ్డ తీసి జానెడు పట్టీ కోసి అతికించాను. నీలం అంచు పొడుగునా వచ్చి వచ్చి ఒకచోట ఉన్నట్టుండి ఎరుపు. మొదట ఏడుపొచ్చినంత పనైంది.

మూడో సాయంత్రం పట్టీని బొంత వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్. మిషను కుట్టు కనపడకుండా పట్టీతో కప్పుతూ, వెనక గుడ్డలో రెండు పోగులు పట్టుకుని చిన్న చిన్న కుట్లు, ముడి పొరల మధ్యలోకి లాగేసి. ఇది నాకు ఎంతో ఇష్టమైన భాగం. బొంత ఒళ్లో పరుచుకుని కుడుతుంటే కాళ్లు వెచ్చగా ఉంటాయి, మనిషి లేవబుద్ధి కాదు. మధ్యలో మావారు వచ్చి "కాఫీ సంగతేంటి" అన్నారు. "కాళ్ల మీద ఇరవై ఎనిమిది అడుగుల అంచు ఉందండీ" అన్నాను. ఆయనే పెట్టుకున్నారు, నాకూ ఒకటి ఇచ్చారు.

ఉతకడం గురించి ఒక్క మాట. కుట్టకముందే ప్రతి ముక్కనూ తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు అంటితే ఆ ముక్క ఎంత అందమైనదైనా వద్దు. బొంత మొదటిసారి ఉతికేటప్పుడు చన్నీళ్లే, పిండకూడదు, తడిసిన బొంత ఒక్కరి వల్ల లేచే బరువు కాదు, ఇంకొకరిని పిలిచి మిద్దె పిట్టగోడ మీద ఆరేయండి. ఆరాక కుట్ల మధ్య చిన్న చిన్న ముడతలు పడి దానికి బొంత కళ వస్తుంది.

ఆ ఎర్ర ముక్క సంగతి చెప్పడం మర్చిపోయాను. చదరంగా ఉన్న బొంతకు తలవైపు ఏదో కాళ్లవైపు ఏదో తెలియదు కదా, రోజుకో రకంగా కప్పుకుంటాం. ఇప్పుడు ఎరుపు ఉన్నది తలవైపు అని మా ఇంట్లో రూలు పెట్టాను. మా మనవరాలు పక్క వేసేటప్పుడు ముందు దాన్నే వెతుకుతుంది. నిన్న రాత్రి చూస్తే మావారు దాన్ని కాళ్ల దగ్గర పెట్టుకుని నిద్రపోతున్నారు. లేపలేదు.