తిట్లు తినడమే ఉద్యోగం: ఐరన్ షేక్

అందరికీ నమస్కారం.

టీవీలో వచ్చే డబ్ల్యూడబ్ల్యూఈ లాంటి, గెలుపోటములు ముందే రాసిపెట్టుకున్న కుస్తీని ఎందుకు చూస్తారండీ అని నన్ను అడుగుతుంటారు. నాటకంలో దుర్యోధనుడు చస్తాడని తెలియకుండానే పద్యాలకు వన్స్‌మోర్ కొడుతున్నామా?

ఆ కుస్తీలో చెడ్డవాడి వేషం కట్టిన ఐరన్ షేక్ అసలు పేరు హొస్సేన్ ఖోస్రో అలీ వజీరి. 1942లో ఇరాన్‌లోని దమ్‌గాన్‌లో పుట్టాడు. రింగులో అమెరికా పేరెత్తి ఉమ్మిన ఈ మనిషి, 1971లో ఆ దేశపు ఏఏయూ (అమెచ్యూర్ అథ్లెటిక్ యూనియన్) అసలు కుస్తీ పోటీల్లో బంగారు పతకం కొట్టాడు. అమెరికా ఒలింపిక్ జట్టుకు సహాయ శిక్షకుడిగానూ ఉన్నాడు. అంటే, నిజం కుస్తీ వచ్చినవాడు.

1979లో టెహరాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించి, 52 మందిని 444 రోజులు బందీలుగా ఉంచారు. ఆ కోపం చల్లారకముందే ఇరాన్ జెండా పట్టుకుని, మొన వంకర తిరిగిన బూట్లేసుకుని ఇతను రింగులోకి దిగాడు. ఇక తిట్లకేం కొదవ!

1983 డిసెంబర్ 26, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. బాబ్ బ్యాక్‌లండ్ దాదాపు ఆరేళ్లుగా డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) కంపెనీ ఛాంపియన్. షేక్ అతన్ని బోర్లా పడేసి, వీపు మీద కూర్చుని, రెండు చేతులూ గడ్డం కింద జొనిపి తల వెనక్కి విరిచాడు. క్యామెల్ క్లచ్ అంటే అదే. బ్యాక్‌లండ్ ఓడిపోయానని అనలేదు. అతని మేనేజర్ ఆర్నాల్డ్ స్కాలండ్, ఇక ఆపండి, ఓడిపోయాం అన్నట్టు రింగులోకి తువ్వాలు విసిరాడు. మంచివాడి పరువూ పోలేదు, చెడ్డవాడికి బెల్టూ వచ్చింది. ఆ తువ్వాలు వేయించినవాడెవడో గానీ గట్టి కథకుడు. సరిగ్గా నాలుగు వారాలకు అక్కడే హల్క్ హోగన్ ఆ పట్టులోంచి లేచి గెలిచాడు. హోగన్ వైభవమంతా ఆ రాత్రి నుంచే.

1987 మేలో న్యూజెర్సీలో పోలీసులు ఒక కారు ఆపారు. లోపల షేక్, పక్కన హాక్‌సా జిమ్ డగ్గన్. డ్రగ్స్ దొరికాయి. కంపెనీకి ఇంకో తలనొప్పి, ఇద్దరూ ఒకే కారులో ఉండటం. కథలో బద్ధశత్రువులు మరి! కంపెనీ ఇద్దర్నీ ఉద్యోగంలోంచి పంపించేసింది.

నాకు మింగుడుపడనిది 1991. గల్ఫ్ యుద్ధ కాలం. ఇరాక్‌తో ఎనిమిదేళ్లు కొట్లాడిన దేశంలో పుట్టినవాడికి ఇరాకీ వేషం కట్టి కల్నల్ ముస్తఫా అన్నారు. చూసేవాళ్లకు ఇద్దరూ ఒకటేలే అన్న ధీమా. దానికి మాత్రం నేను చప్పట్లు కొట్టలేను.

2001లో హ్యూస్టన్‌లో జరిగిన రెజిల్‌మేనియాలో (ఆ కంపెనీ ఏటా జరిపే అతిపెద్ద పండగ) పాత వేషగాళ్లందరినీ ఒకేసారి రింగులోకి వదిలారు. తాళ్ల మీంచి కింద పడితే ఔట్. షేకే గెలిచాడు. మోకాళ్లు అరిగిపోయిన మనిషిని తాళ్ల మీంచి విసరడం కుదరదు కదా, అందుకని గెలిపించారు! వెంటనే పాత శత్రువు సార్జంట్ స్లాటర్ తిరిగొచ్చి మెడ బిగించాడు. నాలుగేళ్లకు షేక్‌ను కంపెనీ పాత మల్లులను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీదికి పిలిచింది కూడా ఆ స్లాటరే.