డబ్బు ఏ దారిన వస్తుంది?

శ్రోతలకు నమస్కారం. ఫోన్‌నూ ఇంటర్నెట్‌నూ నమ్ముకుని సొంతంగా వ్యాపారం మొదలుపెట్టేవాళ్లు ఇప్పుడు ప్రతి దేశంలోనూ ఉన్నారు. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో వాళ్ల సంగతి ఎత్తగానే పెట్టుబడి దొరకదనో, నైపుణ్యం చాలదనో అంటారు. ఆ ఇబ్బందులు ఉన్నమాట నిజమే. కానీ అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: కొన్నవాళ్లు ఇచ్చే డబ్బు అమ్మినవాళ్ల చేతికి ఏ దారిన చేరుతుంది?

కెన్యానే తీసుకోండి. 2007లో సఫారికామ్ అనే టెలికాం కంపెనీ అక్కడ ఫోన్‌తో డబ్బు పంపుకునే ఎం-పెసా అనే సేవ మొదలుపెట్టింది. దానికి స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, బ్యాంకు ఖాతా కూడా అక్కర్లేదు. దగ్గర్లో ఉన్న ఏజెంటుకు నగదు ఇస్తే మీ నంబరు మీద జమ అవుతుంది, అక్కడి నుంచి మామూలు కీప్యాడ్ ఫోన్‌తోనే ఎవరికైనా పంపొచ్చు. ఆ తర్వాత కొన్నేళ్లకు ఎం-కోపా అనే సంస్థ కరెంటు లేని ఇళ్లకు సోలార్ దీపాల కిట్లు వాయిదాల మీద ఇవ్వడం మొదలుపెట్టింది. ముందు కొంత కట్టి కిట్టు తీసుకెళ్తారు, మిగతాది రోజుకింత అని ఫోన్‌లోనే కడుతూ ఉంటారు, కట్టడం మానేస్తే పరికరంలో ఉన్న సిమ్ ద్వారా దాన్ని దూరం నుంచే ఆపేస్తారు. ఎం-పెసా లేకుండా ఇదే వ్యాపారం చేయాలంటే రోజూ ఇంటింటికీ మనిషిని పంపి చిల్లర వసూలు చేయాలి, వసూలైన డబ్బు ఆ మనిషి జీతానికే చాలదు. సోలార్ దీపాలు అంతకుముందూ ఉన్నాయి. అంత చిన్న మొత్తాలను తక్కువ ఖర్చుతో రాబట్టుకునే వీలు మాత్రం అప్పుడే వచ్చింది.

నైజీరియాలో ఇద్దరు యువకులు 2015లో పెట్టిన పేస్టాక్ కూడా ఇలాంటి చిక్కునే పట్టుకుంది. అక్కడ ఒక వెబ్‌సైట్‌లో కార్డు పేమెంట్ తీసుకోవడం పెద్ద తలనొప్పిగా ఉండేది, దాన్ని వాళ్లు తేలిక చేశారు. 2020లో స్ట్రైప్ అనే పెద్ద ఆన్‌లైన్ పేమెంట్ల కంపెనీ పేస్టాక్‌నే కొనేసింది. బ్రెజిల్‌లో అయితే కేంద్ర బ్యాంకే ముందుకొచ్చి అదే ఏడాది నవంబరులో, ఫోన్‌తో క్షణాల్లో డబ్బు పంపుకునే పిక్స్ అనే పద్ధతి తెచ్చింది. ఎవరో ఒకరు ఆ దారి వేయాలి, ప్రైవేటు కంపెనీ అయినా సరే, ప్రభుత్వమైనా సరే.

దేశం సరిహద్దు దాటేసరికి కథ మారిపోతుంది. విదేశీ క్లయింటుకు డిజైన్ చేసిచ్చిన అమ్మాయి పనిలో ఎవరికీ తీసిపోదు, కానీ డబ్బు రావడం దగ్గర ఆగిపోతుంది. కొన్ని అంతర్జాతీయ పేమెంట్ సర్వీసులు కొన్ని దేశాలకు అసలు రావు, కొన్నిచోట్ల పంపడానికి ఒప్పుకుంటాయి గానీ తీసుకోవడానికి ఒప్పుకోవు. మధ్యవర్తి ద్వారా తెచ్చుకుంటే వాళ్ల కమీషను పోతుంది, కరెన్సీ మార్పిడిలో ఇంకొంత పోతుంది. చిన్న మొత్తాల మీద బతికేవాళ్లకే ఈ దెబ్బ ఎక్కువ తగులుతుంది, అదే నాకు బాధ కలిగించే విషయం.

ఇక నెట్ సంగతి. కామెరూన్‌లో బుయా పట్టణం చుట్టూ ఉన్న స్టార్టప్‌లకు సిలికాన్ మౌంటెన్ అని పేరు. 2017 జనవరిలో అక్కడి ప్రభుత్వం ఇంగ్లీషు మాట్లాడే ప్రాంతాలకు ఇంటర్నెట్ ఆపేసింది, 93 రోజుల పాటు! కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ ఉన్న వేరే ప్రాంతాలకు ప్రయాణాలు చేశారు, బొనాకో అనే ఊళ్లో అందరూ కలిసి ఒక ఇల్లు అద్దెకు తీసుకుని పని చేసుకున్నారు. 2024 జులైలో బంగ్లాదేశ్‌లోనూ రోజుల తరబడి నెట్ ఆగింది. గడువులోగా పని అందకపోతే దూరాన ఉన్న క్లయింటు కారణాలు విని ఊరుకోడు, ఇంకొకరిని చూసుకుంటాడు. తక్కువ రేటింగ్ కూడా ఇచ్చి పోతాడు, నెట్ తిరిగొచ్చినా ఆ రేటింగ్ పోదు. ఉగాండాలో 2018లో సోషల్ మీడియా వాడినందుకు రోజుకు 200 షిల్లింగుల పన్ను వేశారు. వాట్సాప్‌లోనే సరుకు చూపించి అమ్ముకునే చిన్న వ్యాపారికి అది షట్టరు తెరిచినందుకే పన్ను కట్టినట్టు.

ఇన్ని చెప్పానని భయపడొద్దు. 2024లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క ప్రకారం అప్పటికి 260 కోట్ల మంది ఆన్‌లైన్‌కు రాలేదు, అంటే రేపటి కస్టమర్లు ఇంకా చాలామంది మిగిలే ఉన్నారు. వాళ్లకు బరువైన యాప్‌లు పనికిరావు. తక్కువ డేటాతో, పాత ఫోన్‌లో, సొంత భాషలో నడిచేవి కావాలి. ఇండోనేషియాలో గోజెక్ 2010లో మొదలైనప్పుడు యాప్ లేనే లేదు, ఫోన్ చేస్తే బైక్ ట్యాక్సీ పంపే చిన్న కాల్ సెంటర్ అది, యాప్ 2015లో వచ్చింది. జనానికి కావాల్సిందేమిటో ముందు తేల్చుకుని, హంగులు తర్వాత పెట్టుకున్నారు.

మీరు మొదలుపెట్టే ఆలోచనలో ఉంటే, లోగో కన్నా ముందు డబ్బు సంగతి తేల్చుకోండి. ఒక చిన్న మొత్తం కస్టమర్ దగ్గర బయలుదేరి మీ ఖాతాలో పడేదాకా ఎంత కోత పడుతుందో, ఎన్ని రోజులు పడుతుందో నిజంగా ఒకసారి పంపించి చూడండి. కస్టమర్ల నంబర్లు ఒక్క ప్లాట్‌ఫామ్‌లోనే ఉంచకుండా మీ దగ్గర విడిగా రాసి పెట్టుకోండి, ఎందుకంటే అకౌంట్ లాక్ అయిన రోజున వాళ్లను చేరుకోవడానికి ఇంకో మార్గం ఉండదు. వేరు వేరు కంపెనీల నెట్ కనెక్షన్లు రెండు పెట్టుకోండి. ఉంటాను, నమస్కారం.