బూట్ ఫ్లాపీని ఇమేజ్ తీసి, తిరిగి రాయడం ఎలా?

నమస్తే అండీ. పాత కంప్యూటర్‌ని లేపే బూట్ ఫ్లాపీ మీ దగ్గర ఒక్కటే ఉందా? అయితే డ్రైవ్‌లో పెట్టకుండా ఒక్క నిమిషం ఆగండి.

ముందు రైట్ ప్రొటెక్ట్, అంటే ఫ్లాపీ మీద ఏమీ రాయకుండా అడ్డుకునే ఏర్పాటు. మూడున్నర అంగుళాల ఫ్లాపీకి ఓ మూల చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంది చూడండి. దాన్ని జరిపి రంధ్రం తెరిచి ఉంచాలి. ఐదుంపావు అంగుళాల ఫ్లాపీకి వ్యవహారం తిరగబడుతుంది: పక్కనున్న గాడిని స్టిక్కర్‌తో మూసేయాలి. ఇంత చాదస్తం ఎందుకంటారా? విండోస్ 95 లాంటివి రైట్ ప్రొటెక్ట్ లేని ఫ్లాపీ దొరికితే చాలు, మనకు మాట మాత్రమైనా చెప్పకుండా బూట్ సెక్టర్‌లో, అంటే కంప్యూటర్ లేచేటప్పుడు చదివే డిస్కు మొదటి సెక్టర్‌లో, తమ గుర్తు రాసేసేవి.

ఇప్పుడు షట్టర్ జరిపి లోపల చూడండి. బూజు మచ్చలు కనబడితే డ్రైవ్‌లో పెట్టొద్దు. ఆ బూజు డ్రైవ్‌లో డిస్కుని చదివే హెడ్‌కి అంటుకుని తర్వాత పెట్టే ఫ్లాపీలను కూడా గీకేస్తుంది.

ఫైళ్లన్నీ సెలెక్ట్ చేసి కాపీ కొడితే సరిపోదా అని అడుగుతుంటారు. సరిపోదండీ. ఇదిగో, బైట్లను నేరుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో డాస్ ఫ్లాపీ మొదటి సెక్టర్ తెరిచాను. ఉన్నవి 512 బైట్లే. 'నాన్ సిస్టమ్ డిస్క్' అనే మెసేజ్, డాస్ సిస్టమ్ ఫైల్ ఐఓ డాట్ సిస్ పేరు ఇక్కడే ఉన్నాయి. చివరి రెండు బైట్లు 55, ఏఏ: బూట్ సెక్టర్‌కి గుర్తు అదే. ఇదేమీ ఫైల్ కాదు, కాబట్టి మామూలు కాపీలో రాదు. అందుకే డిస్కు మొత్తాన్ని సెక్టర్ సెక్టర్‌గా ఒకే ఫైల్‌లోకి కాపీ చేయాలి, అంటే ఇమేజ్ తీయాలి.

లినక్స్‌లో డిస్కుని ఉన్నదున్నట్టు కాపీ చేసే డీడీ కమాండ్ బదులు నేను డీడీరెస్క్యూ వాడతాను. పాత ఫ్లాపీ అంటే ఎక్కడో ఒకచోట మొరాయించకుండా ఉండదు కదా. ఇది ముందు తేలిగ్గా చదవగలిగినవి తీసేసుకుని, మొండి సెక్టర్ల దగ్గరకు తర్వాత వస్తుంది. ఏవి మిగిలాయో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. ఇక్కడ చూడండి, కొన్ని సెక్టర్లు రాలేదు. టెన్షన్ పడకండి. హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అదే మ్యాప్ ఫైల్‌తో మళ్లీ నడపండి. వేరే డ్రైవ్‌లో పెట్టి చూసినా మంచిదే. ఒక డ్రైవ్ చదవలేనిది ఇంకొకటి చదివేయడం మామూలే.

పూర్తయ్యాక సైజు చూడండి. 1.44 ఎంబీ ఫ్లాపీ అయితే కచ్చితంగా 14,74,560 బైట్లు ఉండాలి: 80 ట్రాకులు, రెండు వైపులు, ట్రాకుకి 18 సెక్టర్లు, సెక్టర్‌కి 512 బైట్లు. సైజు సరిపోయినంత మాత్రాన లోపల అంతా బాగున్నట్టు కాదు. మ్యాప్ ఫైల్‌లో బ్యాడ్ సెక్టర్ ఒక్కటి కూడా మిగలకూడదు. ఆ తర్వాత కంప్యూటర్‌ని అనుకరించే క్యూఈఎంయూ ప్రోగ్రామ్‌లో ఇమేజ్‌ని బూట్ చేసి చూడండి.

అమిగా ఫ్లాపీలు, పాత మ్యాక్ 800కే ఫ్లాపీలు యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌తో రావు. వాటికి గ్రీజ్‌వీజిల్ లాంటి బోర్డు, దానికి తగిలించడానికి మామూలు ఫ్లాపీ డ్రైవ్ కావాలి. ఆ బోర్డు మాగ్నెటిక్ సిగ్నల్‌నే నేరుగా రికార్డ్ చేస్తుంది.

ఇక ఇమేజ్‌ని వేరే ఫ్లాపీ మీద తిరిగి రాయడం. ఇక్కడ డీడీ చాలు, కానీ ఎంటర్ కొట్టే ముందు డ్రైవ్ పేరు రెండుసార్లు చూసుకోండి. అక్కడ హార్డ్ డిస్క్ పేరు పడిందంటే కొంప మునిగినట్టే! 720కే ఇమేజ్‌కి డబుల్ డెన్సిటీ ఫ్లాపీయే వాడండి. హెచ్‌డీ (హై డెన్సిటీ, 1.44 ఎంబీ) ఫ్లాపీ రంధ్రానికి టేపు అంటించే చిట్కాను నేను నమ్మను, ఆ పూత వేరు. 360కే ఫ్లాపీని వీలైతే 40 ట్రాకుల డ్రైవ్‌లోనే రాయండి. 1.2 ఎంబీ డ్రైవ్ హెడ్ సన్నగా ఉంటుంది కాబట్టి పాత డేటా అంచుల్లో మిగిలిపోయి, అసలు మెషీన్‌లో రీడ్ ఎర్రర్లు వస్తాయి.

రాయడం అయ్యాక ఫ్లాపీని బయటికి తీసి మళ్లీ పెట్టండి. లేకపోతే కంప్యూటర్ మెమరీలో ఉన్నదాన్నే చూపించి సరే అనేస్తుంది. అప్పుడు సీఎంపీ కమాండ్‌తో ఇమేజ్‌ని, ఫ్లాపీని పోల్చండి. ఏ మెసేజూ రాకపోతే రెండూ ఒకటే. ఇకపై పాత మెషీన్‌ని ఈ కాపీతోనే బూట్ చేయండి.